పెట్టెలో వచ్చిన సైకిల్!

ఫోన్‌లో ఒక్క నొక్కు నొక్కితే సైకిల్ ఇంటికొచ్చేస్తోంది. హెల్మెట్, గ్లోవ్స్, లైట్లు, ట్యూబులు... అన్నీ అంతే. మరి వచ్చినదాన్ని బిగించేదెవరు? సరిపోకపోతే తిప్పి పంపేదెలా? తెనాలి, బాపట్ల, రేపల్లె లాంటి ఊళ్లలో ఆన్‌లైన్ సైకిల్ కొనుగోలుదారులకు ఎదురయ్యే తిప్పలేంటి... వాటికి దారులేంటి?

గుమ్మం ముందు ఆటో ఆగుతుంది. ఇద్దరు కలిసి మోయాల్సినంత అట్టపెట్టె దిగుతుంది. ఇంట్లో పిల్లాడి సంబరానికి పట్టపగ్గాలుండవు. కత్తెర తెచ్చి టేపు కోసేదాకా అంతా బాగానే ఉంటుంది. తీరా తెరిచి చూస్తే... హ్యాండిల్ పక్కకి తిరిగి ఉంటుంది. ముందు చక్రం విడిగా ఉంటుంది. సీటూ పెడళ్లూ పాలిథిన్ కవర్లో ఉంటాయి. వాటితోపాటు వేలెడంత పానా ఒకటి, అర్థంకాని బొమ్మలున్న కాగితం ఒకటి. '85 శాతం బిగించే పంపిస్తాం' అని అమ్మకందారు ముందే చెప్పాడు. కానీ అసలు కథంతా ఆ మిగతా 15 శాతంలోనే ఉంది!

సైకిల్ షాపులో కొన్నవాళ్లకి ఈ బాధ తెలియదు. షాపతను చక్రాల బెండు తీసి, బ్రేకులు సరిచేసి, చైనుకి నూనె వేసి, గాలి కొట్టి మరీ ఇచ్చేవాడు. స్టాండూ, కేరియరూ, బెల్లూ, తాళం దగ్గర కాసేపు బేరం. చివరికి సీటు కవరు ఊరికే వేయించుకుని, ఏదో గెలిచినట్టు ఇంటికి తొక్కుకుంటూ రావడం. నెల తర్వాత ఏ చప్పుడొచ్చినా మళ్లీ అక్కడికే. 1949లో మద్రాసులో మొదలైన టీఐ సైకిల్స్, 1951లో సోనీపత్‌లో పుట్టిన అట్లాస్, 1956లో లూధియానాలో ఆరంభమైన హీరో సైకిల్స్... ఈ పేర్లన్నీ మన ఇళ్లకి చేరింది ఆ షాపుల గుండానే.

ఆన్‌లైన్ అమ్మకాలు ఈ పద్ధతిని ఒక్కరోజులో మార్చలేదు. 2007లో పుస్తకాలతో మొదలైన ఫ్లిప్‌కార్ట్, 2010లో 'సరకు చేతికొచ్చాకే డబ్బు' పద్ధతి తెచ్చాక చిన్న ఊళ్లకి కాస్త ధైర్యమొచ్చింది. 2013లో అమెజాన్ వచ్చింది. ఆ తర్వాత 2020... కరోనా. జిమ్ములు మూతపడ్డాయి, వ్యాయామానికి సైకిలే దిక్కయింది. దేశమంతా సైకిళ్లకు ఒక్కసారిగా గిరాకీ పెరిగింది. విచిత్రమేమిటంటే, ప్రపంచ సైకిల్ దినోత్సవమైన జూన్ 3నే, అదే ఏడాది, అట్లాస్ కంపెనీ సాహిబాబాద్ ఫ్యాక్టరీ పని ఆపేసింది!

షాపులో లేని రంగులు, గేర్లు, డిస్కు బ్రేకులు ఫోన్‌లో కనబడుతుంటే ఎవరికైనా మనసు లాగుతుంది. పెద్ద స్పోర్ట్స్ షాపు చూడాలంటే తెనాలివాళ్లు గుంటూరో విజయవాడో వెళ్లాలి. బాపట్ల, రేపల్లెల నుంచైతే ఇంకా దూరం. అలాంటప్పుడు ఇంటికే వస్తుంటే వద్దనడం దేనికి? నిజమే. కాకపోతే కొన్ని సంగతులు తెలిసి కొనాలి.

26 అంటే ఏ 26?

ఆన్‌లైన్‌లో టైర్లూ ట్యూబులూ కొనేవాళ్లని ఎక్కువగా ముంచేది ఈ అంకె. సైకిల్ టైరు మీద '26' అని చూస్తారు. ఫోన్‌లో '26 అంగుళాల టైరు' అని వెతుకుతారు. వచ్చినదాన్ని రిమ్ముకి ఎక్కించబోతే ఒకటి వేలాడుతుంది, ఇంకొకటి ఎంత లాగినా ఎక్కదు. తప్పు అమ్మినవాడిదీ కాదు, కొన్నవాడిదీ కాదు. 26లో ఒకటి కాదు, చాలా రకాలున్నాయి.

మామూలు 26 x 1 3/8 టైరు కూర్చునే రిమ్ము వ్యాసం 590 మిల్లీమీటర్లు. లావు టైర్ల గేరు సైకిల్‌కి ఉండే 26 x 1.95 టైరుదేమో 559. రెండింటి మధ్య తేడా 31 మిల్లీమీటర్లు... అంటే అంగుళం పైమాటే! పేరు మాత్రం ఒక్కటే. తాతల నాటి నల్ల సైకిల్ 28 x 1 1/2 రిమ్ము 635. కొత్తరకం సైకిళ్లలో 28 అని రాసి ఉన్నా అది 622 కావచ్చు. ఆ 622నే ఇంకోచోట '700సి' అంటారు, మరోచోట '29' అంటారు. ఒకే కొలతకి మూడు పేర్లు, ఒకే పేరుకి రెండు మూడు కొలతలు. ఎవరికి మాత్రం బుర్ర తిరగదు?

దీనికి మందు టైరు పక్కగోడ మీదే ఉంది. చిన్న అక్షరాల్లో 50-559, 37-590 లాంటి జంట అంకెలుంటాయి. మొదటిది టైరు వెడల్పు, రెండోది రిమ్ము కొలత. ఆ రెండోది కలిస్తే టైరు ఎక్కుతుంది, కలవకపోతే ఎక్కదు. అంతే. అంగుళాల సంగతి వదిలేసి ఆ మూడంకెల సంఖ్యను ఫోన్‌లో వెతకాలి. పాత టైరుని ఫొటో తీసి పెట్టుకుంటే ఇంకా మంచిది.

ట్యూబు కొనేటప్పుడు వాల్వునీ చూడాలి. వీధి చివర పంక్చరు షాపులో గాలి కొట్టించుకునే మన వాల్వు వేరు. మోటారు సైకిల్‌కి ఉండే రకం వేరు. రేసు సైకిళ్లకొచ్చే సన్నని 'ప్రెస్టా' వాల్వు వేరు. ఆ సన్నని వాల్వున్న సైకిలేసుకుని పొద్దున్నే భట్టిప్రోలు వైపు వెళ్లి, దారిలో గాలి దిగిపోతే ఏ పంపూ దానికి అతకదు. ఇత్తడి అడాప్టరు ఒకటుంటుంది, చిటికెన వేలి గోరంత. దాన్నీ కొని సీటు కింది సంచిలో వేసుకోవాలి. సైకిల్ అమ్మేవాడు ఈ ముక్క చెప్పడు.

సొంత వైద్యం... చేటు

పెట్టెలోని సైకిల్‌ని వీడియో చూస్తూ నాన్నా కొడుకూ కలిసి బిగించడం సరదాగానే ఉంటుంది. కానీ అందులో రెండు మూడు పొరపాట్లు మామూలుగా జరిగిపోతుంటాయి. మొదటిది, ముందు ఫోర్కు వెనక్కి తిరిగి ఉండగానే చక్రం బిగించేయడం. పెట్టెలో పట్టడానికి దాన్ని అలా తిప్పి పెడతారు. చూడ్డానికి సైకిల్ లాగే ఉంటుంది, నాలుగడుగులు నడుస్తుంది కూడా. మలుపు తిప్పితే మాత్రం కాలు చక్రానికి తగులుతుంది, హ్యాండిల్ తడబడుతుంది. కనిపెట్టడం సులువే. డిస్కు బ్రేకున్న సైకిలైతే, సీటు మీద కూర్చున్నవాళ్లకి ముందు డిస్కు ఎడమచేతి వైపు ఉండాలి. కుడివైపుందంటే ఫోర్కు తిరగబడినట్టే. డిస్కు లేని సైకిల్లో ఫోర్కు వంపు ముందుకి ఉండాలి.

రెండోది పెడళ్లు. కుడి పెడల్ మామూలుగానే తిరుగుతుంది. ఎడమ పెడల్ మర ఎదురు దిశ... గడియారం ముల్లుకి వ్యతిరేకంగా తిప్పితేనే బిగుస్తుంది. తెలియక పానా వేసి బలంగా తిప్పితే క్రాంకు మర చిరిగిపోతుంది. అప్పుడు కంపెనీకి ఫోన్ చేస్తే 'మీరు బిగించడంలో పాడైంది, వారంటీ వర్తించదు' అన్న జవాబు రావచ్చు. వాళ్ల నియమాల్లో ఆ మాట ముందే రాసి ఉంటుంది మరి.

మూడోది సీటు. పిల్లాడు పొడుగని సీటు కడ్డీని పైకి పైకి లాగేస్తారు. కడ్డీ మీద ఓ గీత ఉంటుంది, అది ఫ్రేములోకి దిగి ఉండాలి. గీత బయటికి కనబడితే కడ్డీ వంగొచ్చు, విరగొచ్చు.

ఇవన్నీ అయ్యాక చాలామంది చేరేది వీధి మెకానిక్ దగ్గరికే. ఆయన మొదట అడిగే ప్రశ్న, 'ఎక్కడ కొన్నారు మాస్టారూ?' అని. ఆన్‌లైన్ అనగానే ముఖం కాస్త మారుతుంది. మారదూ మరి... అమ్మకం లాభం ఎక్కడికో పోయింది, బెండు తీసే పని మాత్రం తన దగ్గరికొచ్చింది! అయినా చేస్తాడు. అలాంటప్పుడు ఆయనడిగే బిగింపు కూలి దగ్గర గీచిగీచి బేరమాడటం న్యాయం కాదు. ఆన్‌లైన్‌లో మిగిలిందనుకున్న డబ్బులో ఆ కూలిని ముందే తీసేసి లెక్కేసుకుంటే, షాపు ధరకీ ఫోన్ ధరకీ నిజమైన తేడా ఎంతో తేలుతుంది. ఒక్కోసారి ఏమీ తేలదు.

కొనేముందే ఆ ఫొటో ఆయనకి చూపించడం ఇంకా తెలివైన పని. గేర్ల విడిభాగాలు దొరికేవా కావా, ఆ రకం బ్రేకు ప్యాడ్లు గుంటూరులో దొరుకుతాయా, డిస్కు వంగితే తను సరిచేయగలడా... అయిదు నిమిషాల్లో చెప్పేస్తాడు.

డెల్టాకి 21 గేర్లా?

ఫోన్‌లో ఎక్కువగా ఊరించే మాట '21 గేర్లు'. ముందు మూడు పళ్లచక్రాలు, వెనక ఏడు. కొండలెక్కడానికి పనికొచ్చే ఏర్పాటిది. తెనాలి నుంచి రేపల్లె దాకా, అక్కణ్నుంచి బాపట్ల దాకా వెతికినా కొండ కాదు కదా గుట్ట కూడా తగలదు. కృష్ణా పశ్చిమ డెల్టా అంతా పళ్లెంలాంటి నేల. ఎక్కాల్సినవి రైల్వే వంతెనలు, పెనుమూడి వారధి లాంటివే. చవక గేర్లు కొన్ని వారాలకే సర్దుబాటు తప్పి టకటకలాడతాయి. రోజూ బడికీ, ట్యూషన్‌కీ, కాలవగట్టు మీద వ్యాయామానికీ అయితే గేర్లు లేని సైకిలే హాయి. గేర్లు కావాలనుకుంటే వెనక ఏడు చాలు. సముద్రం మీంచి ఎదురుగాలి కొట్టేటప్పుడు అవి అక్కరకొస్తాయి.

గాలంటే గుర్తొచ్చేది ఉప్పు. బాపట్ల నుంచి సూర్యలంక దాకా పొద్దున్నే తొక్కి రావడం ఎంతోమందికి ఇష్టమైన వ్యాయామం. ఇసకలోకి సైకిల్ దింపి ఫొటో దిగడం అంతకన్నా ఇష్టం. ఇంటికొచ్చాక మాత్రం ఓ చెంబెడు మంచినీళ్లు పోసి, పొడిగుడ్డతో తుడిచి, చైనుకి నాలుగు చుక్కల నూనె వేయాలి. లేదంటే బోల్టులూ చైనూ చూస్తుండగానే తుప్పెక్కుతాయి. సముద్రం దగ్గరుండేవాళ్లు కొనేటప్పుడే అల్లాయ్ రిమ్ములూ, స్టెయిన్‌లెస్ స్పోకులూ ఉన్నాయేమో చూసుకోవడం మంచిది. రంగుకన్నా ఇది ముఖ్యం.

ఇక ఇళ్లలో అమ్మలు చేసే పని ఒకటుంది. ఏడేళ్ల పిల్లాడికి, 'ఎదుగుతాడు కదా' అని 24 అంగుళాల సైకిల్ కొనడం. చొక్కా అయితే మడతపెట్టి కుట్టొచ్చు, సైకిల్‌కి అలా కుదరదు. సీటు మీద కూర్చున్నప్పుడు పాదాల ముందు భాగమైనా నేలకి ఆనాలి, చేతివేళ్లు బ్రేకుని అందుకోవాలి. 216 జాతీయ రహదారైనా, ఊళ్లో బజారైనా లారీ హారన్ కొట్టినప్పుడు పిల్లాడు కాలు కింద పెట్టి ఆగగలగాలి. పెద్దవాళ్లు ఫ్రేము కొలత చూసుకోవాలి. గోడకి ఆనుకుని నిలబడి, కాళ్ల మధ్య పుస్తకం పెట్టి నేలనుంచి కొలిస్తే కాలి పొడవు తెలుస్తుంది. అమ్మకందారు ఇచ్చే పట్టికలో దాన్ని పోల్చుకోవాలి. చక్రం 26 అయినంత మాత్రాన ఫ్రేము అందరికీ ఒకటే కాదు.

తలకి టేపు పెట్టారా?

హెల్మెట్ కొనేటప్పుడు రంగు చూస్తాం, రేటు చూస్తాం. తల కొలత చూడం. కనుబొమలకి వేలెడు పైన టేపు చుట్టి, వచ్చిన సెంటీమీటర్లను బట్టి సైజు ఎంచుకోవాలి. సైకిల్ హెల్మెట్‌కి ఈఎన్ 1078 అనే యూరప్ ప్రమాణమో, సీపీఎస్‌సీ అనే అమెరికా ప్రమాణమో రాసి ఉందా అని చూడాలి. మన దగ్గర హెల్మెట్ తప్పనిసరన్న చట్టం మోటారు వాహనాలకే, సైకిల్‌కి కాదు. కాబట్టి పోలీసు అడగడు. మనమే అడగాలి.

గ్లోవ్స్, ప్యాడ్ ఉన్న షార్ట్స్ విషయంలో 'ఎల్' అనే అక్షరాన్ని నమ్మితే ఇబ్బందే. ఒక కంపెనీ 'ఎల్' ఇంకో కంపెనీ 'ఎమ్' అంత ఉంటుంది. సెంటీమీటర్ల పట్టిక ఉంటేనే కొనాలి. లైట్ల మీద రాసే వెలుతురు అంకెలు చూస్తే కారు హెడ్‌లైట్ కూడా సిగ్గుపడాలి. అంత చవకలో అంత వెలుగు రాదు. ఛార్జింగ్ ఎన్ని గంటలొస్తుందో వాడినవాళ్లు రాసింది చదివితే నయం.

వాడినవాళ్లు అంటే... వాడినవాళ్లే! చాలామంది అయిదు చుక్కలు ఇచ్చేది సైకిల్‌కి కాదు, అట్టపెట్టెకి. 'డెలివరీ త్వరగా వచ్చింది, ప్యాకింగ్ బాగుంది' అని మొదటి రోజే రాసేస్తారు. ఒక్క కిలోమీటరైనా తొక్కకుండానే. మూడు చుక్కలిచ్చినవాళ్లవీ, ఆర్నెల్ల తర్వాత రాసినవాళ్లవీ వెతికి చదివితే అసలు బండారం తెలుస్తుంది. డబ్బిచ్చి రాయించే పొగడ్తల గోల ఎక్కువవడంతో 2022లో భారతీయ ప్రమాణాల సంస్థ ఆన్‌లైన్ అభిప్రాయాల కోసం ఐఎస్ 19000 అనే ప్రమాణం తెచ్చింది.

సముద్రాలు దాటి

సైకిల్ పిచ్చి ముదిరినవాళ్లు ఒకప్పుడు విదేశాల నుంచి కూడా తెప్పించుకునేవాళ్లు. 'విగుల్', 'చైన్ రియాక్షన్ సైకిల్స్' అనే బ్రిటన్ వెబ్‌సైట్ల పేర్లు మన దేశంలోని సైకిల్ క్లబ్బుల్లో బాగా వినబడేవి. ఉత్తర ఐర్లండ్‌లో 1984లో ఓ చిన్న సైకిల్ షాపుగా మొదలైన చైన్ రియాక్షన్, 2016లో విగుల్‌తో కలిసిపోయింది. ఆ ఉమ్మడి సంస్థ 2023 అక్టోబరులో దివాలా అంచున చేతులెత్తేసింది. తర్వాత ఆ పేర్లను మరో పెద్ద కంపెనీ కొనుక్కుంది. అంత దూరం నుంచి తెప్పించుకుంటే ధరకి కస్టమ్స్ సుంకం తోడవుతుంది, సరిపోకపోతే తిప్పి పంపే ఖర్చు వస్తువు ఖరీదుని మించుతుంది. ఇక్కడ దొరకని విడిభాగమైతే తప్ప ఆ దారి పట్టకపోవడమే మేలు. పైగా మన దగ్గర సైకిళ్ల మీద, వాటి విడిభాగాల మీద 12 శాతం ఉన్న జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 5 శాతానికి తగ్గింది.

'మీ పిన్‌కోడ్‌కి రాలేం'

కొన్న సైకిల్ ఫ్రేముకి సొట్ట ఉందనుకోండి. తిప్పి పంపుదామని నొక్కితే, 'ఈ ప్రాంతంలో పికప్ సౌకర్యం లేదు, మీరే కొరియర్ చేయండి' అని వస్తే? తెచ్చివ్వడానికి రాగలిగినవాళ్లు తీసుకెళ్లడానికి రాలేరట! అంత పెట్టెని కొరియర్‌లో పంపాలంటే ఎంతవుతుంది? చాలామంది ఇక్కడే నిట్టూర్చి ఊరుకుంటారు. ఊరుకోనక్కర్లేదు.

2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం కింద 2020 జులైలో ఆన్‌లైన్ అమ్మకాలకి ప్రత్యేకంగా నియమాలొచ్చాయి. వస్తువు లోపభూయిష్ఠమైనా, నకిలీదైనా, చెప్పిన లక్షణాలు లేకపోయినా, చెప్పిన గడువు దాటి వచ్చినా దాన్ని వెనక్కి తీసుకోననీ, డబ్బివ్వననీ అమ్మకందారు అనడానికి వీల్లేదు. ప్రతి వెబ్‌సైటూ ఫిర్యాదుల అధికారి పేరూ వివరాలూ పెట్టాలి. ఆయన ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు తేల్చాలి. కాబట్టి కస్టమర్‌కేర్‌లో పాట వింటూ కూర్చోకుండా ఆ అధికారికే రాయాలి.

అక్కడా తేలకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడొచ్చు. ఆ తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్. అమ్మకందారు ఢిల్లీలో ఉన్నా బెంగళూరులో ఉన్నా, కొన్నవాళ్లు ఉంటున్న జిల్లాలోనే కేసు వేయొచ్చన్నది కొత్త చట్టంలోని గొప్ప వెసులుబాటు. తెనాలివాళ్లది గుంటూరు జిల్లా. 2022 ఏప్రిల్‌లో కొత్త జిల్లా వచ్చినప్పటి నుంచీ రేపల్లె, బాపట్లలది బాపట్ల జిల్లా. వస్తువుకి చెల్లించింది అయిదు లక్షల లోపైతే ఫీజు లేదు. లాయరూ తప్పనిసరి కాదు. సమస్య తలెత్తిన రెండేళ్లలోపు వేయాలి. 2025 జనవరి నుంచి 'ఈ-జాగృతి' పోర్టల్‌లో ఇంటి నుంచే దాఖలు చేసే వీలుంది.

'మేం మధ్యవర్తులం మాత్రమే, అమ్మింది వేరేవాళ్లు' అని వెబ్‌సైట్లు తప్పుకోవడం మామూలే. కానీ 2022లో నాణ్యత ముద్ర లేని ప్రెషర్ కుక్కర్లు తమ వేదిక మీద అమ్మనిచ్చినందుకు అమెజాన్, ఫ్లిప్‌కార్ట్‌లకు కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ చెరో లక్ష రూపాయల జరిమానా వేసింది. కొన్నవాళ్లకి డబ్బు వెనక్కివ్వమని కూడా ఆదేశించింది.

ఇవన్నీ నిజమైన వెబ్‌సైట్ల సంగతి. అసలు సైకిలే లేని వెబ్‌సైట్ల మాటేమిటి? ఫోన్ తిప్పుతుంటే మధ్యలో మెరిసే ప్రకటన... గేరు సైకిల్ 999 రూపాయలకే, ఇంకా రెండే మిగిలాయి! ముందుగా డబ్బు కట్టమంటుంది. అడ్రస్ ఉండదు, ఫోన్ నంబరుండదు. కడితే అంతే సంగతులు. పొరపాటున కట్టేస్తే సిగ్గుపడి దాచుకోకుండా వెంటనే 1930కి ఫోన్ చేయాలి. డబ్బు ఇంకా మోసగాడి ఖాతా దాటకముందే ఆపగలిగే అవకాశం మొదటి గంటల్లోనే ఎక్కువ.

పెట్టె వచ్చిన రోజున...

టేపు కోయకముందే ఫోన్ కెమెరా ఆన్ చేయాలి. పెట్టె మీది అడ్రస్ కాగితంతో మొదలుపెట్టి చివరి బోల్టు దాకా ఆపకుండా వీడియో తీయాలి. ఫ్రేము మీది నంబరు కనబడాలి, అది బిల్లుతో సరిపోవాలి. డెలివరీ కుర్రాడి ముందే తెరిచి చూసే సౌకర్యం ఉంటే అసలు వదలొద్దు. వచ్చిన రెండు మూడు రోజుల్లోనే సైకిల్‌ని మెకానిక్‌కి చూపించాలి. 'ఆదివారం చూద్దాంలే' అనుకుంటే ఆ ఆదివారానికి తిప్పి పంపే గడువు దాటిపోవచ్చు. అది కొన్నిచోట్ల వారమే మరి. ఆ గడువు తీరేదాకా అట్టపెట్టెని మాత్రం చింపి పాతసామాన్లవాడికి వేయొద్దు, అటక మీదికీ ఎక్కించొద్దు. సైకిల్ తీసుకెళ్లడానికి వచ్చే కుర్రాడు ముందుగా అడిగేది దాన్నే.